అమ్మమ్మ పగడాలు, చలి సముద్రపు చుట్టాలు

 

పోయిన సంచికలో ఒక పొడుపుకథ వేశాను, గుర్తుందా? “చెట్టులా కొమ్మలుంటాయి, చెట్టు కాదు. రాయిలా గట్టిగా ఉంటుంది, రాయి కాదు. పువ్వులా విచ్చుకుంటుంది, పువ్వు కాదు. ఏమిటది?” చాలామంది పిల్లలు సరిగ్గానే చెప్పారు. పగడం! ఒక చిన్నబ్బాయి మాత్రం “మా నాన్న పెంచే బోన్సాయ్” అని రాశాడు. వాళ్ళ నాన్నగారు ఆ మొక్కకి నీళ్ళు పొయ్యడం మర్చిపోతున్నారేమో, కొంచెం కనుక్కోండి.

ఆ పొడుపుకథ ఊరికే వెయ్యలేదు. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న గొడవ దానికి కారణం.

కిందటి వేసవిలో మా అమ్మ ఇండియా నుంచి మా దగ్గరకు వర్జీనియా వచ్చింది. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, వాటి మధ్య ఒక పాత కుంకుమ భరిణె. దాంట్లో దూది, దూదిలో పన్నెండు ఎర్రటి పగడాలు. మా అమ్మమ్మ మెడలో నల్లపూసల మధ్య ఉండేవట. మా పెద్దదానికి పన్నెండేళ్ళు వచ్చాయి, ఓణీల ఫంక్షన్‌కి గొలుసులో గుచ్చి వెయ్యాలని అమ్మ ముచ్చట.

మా పెద్దది వాటిని చేతిలో పోసుకుని చూసింది. “అమ్మమ్మా, ఇవి ఏ స్టోన్?” అని అడిగింది.

“స్టోన్ ఏమిటే, పగడాలు. సముద్రంలో దొరుకుతాయి. కుజగ్రహానికి మంచిది.”

“అంటే కోరల్! కోరల్ అంటే యానిమల్ కదా! మనం వెజిటేరియన్స్ కదా అమ్మమ్మా, యానిమల్‌ని మెడలో వేసుకుంటామా?”

మా అమ్మ నా వైపు చూసింది. నువ్వు చదివిన చదువు దీనికేగా, సమాధానం చెప్పు అన్నట్టు. ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివి, వాల్తేరులో డిగ్రీ కూడా దాంట్లోనే చేసి, ఇక్కడికొచ్చి కంప్యూటర్ల ముందు కూర్చున్నదాన్ని. తప్పేదేముంది? ఆ శనివారం ముగ్గురం మెట్రో ఎక్కి, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సహజ చరిత్ర మ్యూజియానికి బయల్దేరాం. టిక్కెట్టు లేదు కాబట్టి మా అమ్మ కూడా అభ్యంతరం చెప్పలేదు.

మొక్కా, రాయా, జంతువా?

అక్కడ 2008లో తెరిచిన పెద్ద సముద్రాల హాలుంది. పైనుంచి 45 అడుగుల తిమింగలం బొమ్మ వేలాడుతూ ఉంటుంది. దాని కింద నిలబడి మా పెద్దదానికి చెప్పింది మీకూ చెబుతాను.

పగడం జంతువేనన్న సంగతి పెద్ద పెద్ద పండితులకే చాలా కాలం తెలియదు. నీళ్ళలో ఉన్నంతసేపూ మెత్తగా ఉండే మొక్క అనీ, గాలి తగలగానే రాయిగా మారిపోతుందనీ అనుకునేవారు. 1720లలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరానికి చెందిన జాఁ ఆంద్రే పెసొనెల్ అనే వైద్యుడు, బతికున్న పగడాన్ని సముద్రపు నీళ్ళలోనే ఉంచి గమనించాడు. “పువ్వులు” అని అందరూ అనుకున్నవి ముట్టుకుంటే ముడుచుకుంటున్నాయి. అవి పువ్వులు కాదు, చిన్న చిన్న జంతువులు అని ఆయన రాస్తే పారిస్ పండితులు నమ్మలేదు. నిజం ఒప్పుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

ఆ చిన్న జంతువు పేరు పాలిప్. చిన్న గొట్టంలాంటి ఒళ్ళు, మధ్యలో నోరు, నోటి చుట్టూ చేతుల్లాంటి స్పర్శకాలు. వందలు, వేలు పాలిప్‌లు ఒకే ఒంటిని పంచుకుని బతికితే దాన్ని సహనివేశం అంటారు. ఉమ్మడి కుటుంబం అనుకోండి. ఒకటి తిన్నది అందరికీ చేరుతుంది. మా అమ్మకి ఈ ముక్క బాగా నచ్చింది.

పిల్లలూ, పగడాల్లో రెండు పెద్ద వంశాలున్నాయి. గుర్తుపట్టడం తేలిక, చేతులు లెక్కపెట్టడమే. వేడి సముద్రాల్లో పెద్ద పెద్ద దిబ్బలు కట్టే రాతి పగడాలకి స్పర్శకాలు ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు, ఇలా ఆరు లెక్కన ఉంటాయి. రెండో వంశానికి కచ్చితంగా ఎనిమిది. ఒక్కొక్క చెయ్యీ పక్షి ఈకలా ఇరుపక్కలా చీలికలతో ఉంటుంది. ఈ ఎనిమిది చేతుల వంశంలో శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేరు పెట్టినవి సుమారు 3,500 జాతులు. మెత్తని పగడాలు, సముద్రపు విసనకర్రలు ఈ వంశంలోవే.

మన అమ్మమ్మల పగడం ఏ వంశం? చాలామంది రాతి పగడం అనుకుంటారు. కాదు. మధ్యధరా సముద్రంలో పెరిగే ఎర్ర పగడం, కొరాలియం రూబ్రమ్, ఎనిమిది చేతులదే. అంటే గట్టిగా రాయిలా కనిపించే ఆ పూస, నిజానికి మెత్తని పగడాలకి దగ్గర చుట్టం. అది ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కదు. మా అమ్మమ్మ మెడలో ఉన్న ఒక్కొక్క పూస తయారు కావడానికి కొన్ని దశాబ్దాలు పట్టి ఉంటుంది.

మరి మధ్యధరా పగడం మన ఊళ్ళకెలా వచ్చింది? అదీ మన కథే. 17, 18 శతాబ్దాల్లో ఇటలీలోని లివోర్నో రేవు నుంచి లండన్‌కి, అక్కడి నుంచి మద్రాసుకి పగడాలు ఓడల్లో వచ్చేవి. తిరుగు ఓడల్లో వజ్రాలు వెళ్ళేవి. కృష్ణా తీరంలోని కొల్లూరులాంటి గనుల్లో తవ్విన, లోకమంతా గోల్కొండ వజ్రాలని పిలిచిన మన వజ్రాలు! చెన్నైలోని జార్జ్ టౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని ఇప్పటికీ ఒక వీధి ఉంది.

“వజ్రాలిచ్చి పగడాలు తెచ్చుకున్నారా! ఎవరే ఆ తెలివైనవాళ్ళు?” అంది మా అమ్మ.

చలి నీళ్ళలో పగడాలా?

పగడం అనగానే మనకి వెచ్చని నీళ్ళు, ఎండ, రంగురంగుల చేపలు గుర్తొస్తాయి. కానీ చీకట్లో, చలిలో బతికే పగడాలు కూడా బోలెడు. వాటిలో కొన్ని దక్షిణ అమెరికా చివర, చిలీ దేశపు పెటగోనియా ప్రాంతంలోని ఫియోర్డులలో ఉన్నాయి.

ఫియోర్డ్ అంటే ఏమిటి? పాపికొండల మధ్య లాంచీలో వెళ్ళినవాళ్ళు ఆ దృశ్యాన్ని తలుచుకోండి. ఇరుపక్కలా కొండలు, మధ్యలో నీళ్ళు. ఇప్పుడు ఆ కొండల్ని ఇంకా ఎత్తు చెయ్యండి, పైన మంచు వెయ్యండి, కింద గోదావరికి బదులు ఉప్పు సముద్రం పెట్టండి. అదీ ఫియోర్డ్. గోదావరి లోయని నది కోసింది. ఫియోర్డ్‌ని కోసింది మంచు. వేల ఏళ్ళ క్రితం బ్రహ్మాండమైన హిమానీనదాలు కిందికి జారుతూ కొండల్ని లోతుగా చెక్కాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ లోయల్లోకి సముద్రం వచ్చింది. నార్వే దేశంలో ఇలాంటివి ఎక్కువ కాబట్టి వాళ్ళ భాషలోని పేరే లోకమంతా వాడుతోంది.

చిలీలో కొమావ్ ఫియోర్డ్ అని ఒకటుంది. లోతు దాదాపు 500 మీటర్లు. అక్కడ వానలు విపరీతం. వాన నీళ్ళు, నదుల నీళ్ళు సముద్రం మీద పడతాయి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళకంటే తేలిక కదా, అవి పైన దుప్పటిలా పరుచుకుంటాయి. కొండల మీది అడవుల మట్టి, ఆకుల రంగు కలిసి ఆ దుప్పటి వెలుతురుని ఆపేస్తుంది. దాని కింద 10, 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే చల్లని, చీకటి ఉప్పునీరు.

దాంతో ఒక విచిత్రం జరిగింది. మిగతా చోట్ల వందల మీటర్ల లోతున, కొన్నిసార్లు కిలోమీటరు కంటే కిందన బతికే పగడాలు ఇక్కడ 10 మీటర్ల లోతులోనే కనిపిస్తాయి. డెస్మోఫిల్లం డయాంథస్ అనే రాతి పగడం అలాంటిదే. లోతు సముద్రంలో దాన్ని చూడాలంటే ఖరీదైన సబ్‌మెరైన్ కావాలి. ఇక్కడ గాలి సిలిండర్ తగిలించుకుని దూకితే చాలు. చలికి ఓర్చుకోవాలి, అంతే.

అలా ఓర్చుకున్నవాళ్ళలో ముఖ్యులు జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు జీవశాస్త్రవేత్తలు, వ్రెనీ హాయిసెర్మాన్, గుంటర్ ఫోర్స్టెరా. కొమావ్ ఒడ్డునే ఉన్న హుయినాయ్ పరిశోధనా కేంద్రంలో ఏళ్ళ తరబడి పనిచేస్తూ, ఫియోర్డు తర్వాత ఫియోర్డు దిగి చూశారు. వాళ్ళ సంపాదకత్వంలో 2009లో ఆ నీటి అడుగు జీవులను గుర్తుపట్టడానికి దాదాపు వెయ్యి పేజీల పుస్తకం వచ్చింది.

వాళ్ళు తెచ్చిన నమూనాల్లో మెత్తని పగడాలూ ఉన్నాయి. వాటిని నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియంలో ఎనిమిది చేతుల పగడాల నిపుణుడు లేన్ వాన్ ఓఫ్‌వెగన్ పరీక్షించాడు. 2007లో ముగ్గురూ కలిసి నాలుగు కొత్త జాతుల్ని లోకానికి పరిచయం చేశారు. ఆల్సియోనియం గ్లేషియోఫిలమ్, ఆల్సియోనియం జోర్గెయ్, ఆల్సియోనియం రోజియమ్, ఆల్సియోనియం యెపాయెక్. “గ్లేషియోఫిలమ్” అంటే మంచు హిమానీనదాలంటే ఇష్టపడేది. “రోజియమ్” అంటే గులాబీ రంగుది. ఆ తర్వాత 2015లో స్విఫ్టియా కొమావెన్సిస్ అనే సముద్రపు విసనకర్రకి పేరు వచ్చింది. కొమావ్ ఊరిపేరే దాని ఇంటిపేరు! దాన్ని వర్ణించిన ముగ్గురిలో వ్రెనీ హాయిసెర్మాన్‌తో పాటు కోస్టారికా శాస్త్రవేత్త ఓడాలిస్కా బ్రీడీ, స్మిత్సోనియన్‌కి చెందిన స్టీఫెన్ కెయిర్న్స్ ఉన్నారు. అంటే మేము ఆ శనివారం తిరిగిన మ్యూజియమే.

పగడానికి బారసాల

“కొత్త జాతి అని ఎలా తెలుస్తుంది? ఇంతకుముందు ఎవరూ చూడలేదని గ్యారంటీ ఏమిటి?” అని మా పెద్దది అడిగింది. మంచి ప్రశ్న.

మెత్తని పగడానికి లోపల గట్టి అస్థిపంజరం ఉండదు. దానికి బదులు ఒళ్ళంతా కంటికి కనిపించనంత చిన్న సున్నపు ముక్కలు గుచ్చినట్టు ఉంటాయి. వాటిని స్క్లెరైట్లు అంటారు. కొన్ని కదురుల్లా, కొన్ని గదల్లా, కొన్ని ముళ్ళున్న కర్రల్లా ఉంటాయి. ఏ జాతికి ఏ ఆకారాలు, ఒంట్లో ఏ చోట ఏవి అన్నది దాదాపు మన వేలిముద్రలాంటి గుర్తు.

పని ఇలా సాగుతుంది. ముందు పగడం నీళ్ళలో ఉండగానే ఫోటో తియ్యాలి. ఎందుకంటే ఆల్కహాల్ సీసాలో పడగానే రంగు పోతుంది, ఒళ్ళు ముడుచుకుపోతుంది. తర్వాత చిన్న ముక్క కోసి బ్లీచ్‌లో వేస్తారు. మన బట్టలకు వాడే బ్లీచ్‌లాంటిదే. మాంసం కరిగిపోయి స్క్లెరైట్లు అడుగున తెల్లటి పొడిలా మిగులుతాయి. వాటిని కడిగి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడతారు. ఆ తర్వాతే అసలు కష్టం. గడిచిన రెండొందల ఏళ్ళలో ఎవరెవరు ఏ భాషలో దగ్గరి జాతుల్ని వర్ణించారో అన్నీ తీసి చదవాలి. పాత నమూనాలు ఏ దేశపు మ్యూజియంలో ఉంటే అక్కడి నుంచి తెప్పించుకునో, వెళ్ళో పోల్చాలి. దేనితోనూ కలవకపోతే అప్పుడు అది కొత్తది. ఒక నమూనాని “ఈ పేరుకి ఇదే సాక్షి” అని ఎంచి మ్యూజియంలో భద్రపరుస్తారు. లాటిన్ వరసలో రెండు మాటల పేరు పెట్టి, పత్రికలో ప్రచురిస్తారు. అప్పటికిగానీ పేరు చెల్లదు.

మా అమ్మ అంతా విని, “అయితే ఇది పగడానికి బారసాల అన్నమాట. బియ్యంలో పేరు రాసినట్టు పుస్తకంలో రాస్తారు” అంది.

అంతే. కాకపోతే ఒక తేడా ఉంది. మనం పుట్టిన 21వ రోజున బారసాల చేస్తాం. కొత్త జాతి నమూనా దొరికిన నాటి నుంచి దానికి పేరు పెట్టే నాటికి సగటున ఎంత కాలం పడుతోందో 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు లెక్క వేశారు. వచ్చిన జవాబు 21 ఏళ్ళు! అన్నేళ్ళూ ఆ నమూనా ఏదో మ్యూజియం అరలో సీసాలో, పేరు లేకుండా కూర్చుని ఉంటుంది.

పేరు లేకపోతే ఏమైంది?

“పేరు లేకపోతే పగడానికి ఏమైంది? దానికి తెలియదు కదా” అంది మా పెద్దది. నిజమే, పగడానికి తెలియదు. కానీ మనకి తెలియాలి.

2012లో కొమావ్ ఫియోర్డ్‌లో ఒక ఘోరం జరిగింది. ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు తీరం పొడవునా డెస్మోఫిల్లం పగడాలు దాదాపు అన్నీ చనిపోయాయి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గడం, సల్ఫర్ కలిసిన విషపదార్థాలు కారణం కావచ్చని 2014లో ప్రచురించిన పరిశోధనలో రాశారు. ఆ సంగతి బయటపడింది ఎందుకంటే, అక్కడ ఏమున్నాయో ముందే ఎవరో దిగి, లెక్కపెట్టి, రాసి ఉంచారు. పైనుంచి చూస్తే నీళ్ళు ఎప్పటిలా నిశ్చలంగానే ఉన్నాయి. రాసి ఉంచకపోతే అవి బతికాయనీ తెలిసేది కాదు, పోయాయనీ తెలిసేది కాదు.

2015లో ఇంకా దక్షిణాన, పెనాస్ సింధుశాఖ దగ్గర, ఇదే వ్రెనీ హాయిసెర్మాన్ బృందం పగడాల కోసం వెళ్ళి ఒడ్డున చచ్చిపడి ఉన్న తిమింగలాలను చూసింది. తర్వాత విమానంలోంచి లెక్కపెడితే తేలినవి కనీసం 343. మనుషులు వెళ్ళని చోట్లు కాబట్టి ఏం జరిగినా అడిగేవాళ్ళు ఉండరు.

చట్టానికి కూడా పేరు కావాలి. ఇండియాలో 2001లో రాతి పగడాలను, సముద్రపు విసనకర్రలను వన్యప్రాణుల రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఇచ్చిన రక్షణే వాటికీ వచ్చింది. జాబితాలో రాయాలంటే పేరు ఉండాలి. పేరు లేనిదాన్ని ఏ జాబితాలో రాస్తారు?

పెద్దలకో మాట. అమెరికాలో మనం కొనే పెంపకం సాల్మన్ చేపలో చాలా భాగం చిలీ ఫియోర్డుల నుంచే వస్తుంది. సాల్మన్ పెంపకంలో నార్వే మొదటిది, చిలీ రెండోది. వలల పంజరాల్లో లక్షల చేపల్ని పెంచితే, మిగిలిన మేత, వాటి మలం అడుగుకి చేరతాయి. అవి కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ఆక్సిజన్‌ని తినేస్తాయి. ఆ అడుగునే మన ఎనిమిది చేతుల చుట్టాలుంటాయి. చేప తినొద్దని చెప్పడానికి నేనెవర్ని? కొనేటప్పుడు ఎక్కడిదో, ఎలా పెంచారో అడిగి కొంటే చాలు. ఆ చేపలు పట్టే ఊళ్ళలోని జనానికి ఆ పనే జీవనాధారమని కూడా గుర్తుంచుకోవాలి.

చివరికి ఏమైంది?

మెట్రోలో ఇంటికి వస్తుంటే మా పెద్దది ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక భరిణె తెరిచి పూసల్ని మళ్ళీ లెక్కపెట్టింది.

“అమ్మమ్మా, వీటికోసం యానిమల్‌ని చంపారన్నమాట నిజమే కదా?”

“నిజమేనే తల్లీ. మా అమ్మకి తెలియదు. నాకూ ఇవాళ్టిదాకా తెలియదు” అంది మా అమ్మ. ఆ మాట ఒప్పుకోవడానికి ఆవిడకి కొంచెం కష్టమైందని నాకు తెలుసు. డెబ్బైరెండేళ్ళ వయసులో, సముద్రాలు దాటించి తెచ్చిన కానుక విషయంలో.

మా పెద్దది కాసేపు ఆలోచించింది. “ఇవి నీ అమ్మవి కదా, వేసుకుంటాను. కానీ కొత్తవి కొనొద్దు. చెల్లి ఫంక్షన్‌కి కూడా ఇవే వేద్దాం. తర్వాత నా కూతురికి” అంది.

మా అమ్మ ఏమీ అనలేదు. సూదీ దారం తెమ్మంది. రాత్రి పదకొండు దాకా ఇద్దరూ కూర్చుని పూసలు గుచ్చారు. ఒక పూసకి చిన్న పగులుంది. దాన్ని మెడ వెనక్కి వచ్చేలా గుచ్చారు. ఫంక్షన్ రోజున వచ్చినవాళ్ళలో ఎవరు గొలుసు మెచ్చుకున్నా, మా పెద్దది ఓపిగ్గా మొదలుపెట్టేది: “ఆంటీ, దీనికి ఎయిట్ టెంటకిల్స్ ఉంటాయి తెలుసా?” అని. భోజనాల వరస కొంచెం ఆలస్యమైంది.

పిల్లలూ, మీకో పని

మీ ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ, తాతగారు ఉంటే, లేకపోతే ఫోన్‌లో, వాళ్ళ ఊళ్ళో చెరువు దగ్గరో పొలంలోనో చిన్నప్పుడు చూసిన పురుగులు, పిట్టలు, చేపల పేర్లు పది చెప్పమని అడగండి. తెలుగు పేరు, వాళ్ళు చెప్పిన గుర్తులు, ఆ ఊరి పేరు రాయండి. కుదిరితే బొమ్మ కూడా వెయ్యండి. ఇప్పుడు కూడా అవి అక్కడ కనిపిస్తున్నాయా అని తప్పకుండా అడగండి. మీరు పంపినవి వచ్చే సంచికలో వేద్దాం.

ఇక ఈసారి పొడుపుకథ: “ఇల్లు వీపు మీద, కాలు కడుపు కింద, అద్దె కట్టదు, తలుపు తట్టదు.” జవాబు తెలిసినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పకండి.

మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా సెలవు.